ఒకే డబ్బాలో పిండీ, ఐసింగూ, కొసరూ

నేను ఉద్యోగం చేసినంతకాలం పెట్టెలూ డబ్బాలే చేశాను. నాకు సంబంధాలు చూసే రోజుల్లో ఈ మాట చెప్పడానికి మా నాన్న చాలా ఇబ్బందిపడేవాడు. “మావోడు ఇంజినీరు” అని ఆపేసేవాడు. అవతలివాళ్లు “ఏ డిపార్ట్‌మెంటు?” అని అడగ్గానే ఆయనకి దగ్గు వచ్చేది. జంషెడ్‌పూర్‌లో ఇంజినీరంటే ఉక్కు చెయ్యాలి, లేదా ఉక్కు చేసేవాళ్లకి కావలసినదేదో చెయ్యాలి. అట్టపెట్టెలు చేసేవాడికి పిల్లనిచ్చిన మా మామగారు ధైర్యవంతుడనే చెప్పాలి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఎవరు అడ్డుపడ్డారో రాయను. అడ్డుపడినవాళ్లు కొందరు ఇప్పటికీ కద్మాలో మా వీధిలోనే ఉన్నారు. పొద్దున నడకలో కలుస్తారు, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటాం. అందుకని ఆ సంగతులు వదిలేసి, ఎక్కువ భాగం ఒకే ఒక డబ్బా గురించి రాస్తాను. ఆ డబ్బా వల్ల ఒకావిడ ఉద్యోగం పోబోయింది. ఈ పని అంటే ఏమిటో నాకు అప్పుడు కాస్త అర్థమైంది.

పెట్టె కంటే ముందు మనిషి

నా మొదటి ఉద్యోగం ఆదిత్యపూర్‌లో అట్టపెట్టెల ఫ్యాక్టరీలో. అక్కడి బాస్‌కి కోపం రాదు. కోపం వచ్చేవాళ్లకంటే అలాంటివాళ్లతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని నాకు అప్పుడు తెలియదు. నేను వేసిన పెట్టె డిజైను ఆయన బల్ల మీద పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది రాంచీ వెళ్తుంది కదా?” అన్నారు. వెళ్తుందన్నాను. “నువ్వూ వెళ్లు” అన్నారు.

మర్నాడు సబ్బుపెట్టెల లారీ వెనకభాగంలో, నా పెట్టెల మధ్య కూర్చుని రాంచీ వెళ్లాను. ఘాట్ రోడ్డు వచ్చేసరికి పెట్టెలకి ఏమవుతుందో నా నడుముకి బాగా తెలిసింది. తిరిగొచ్చి డిజైను మార్చాను. ఆయన సంతకం పెట్టారు.

మీరు ఎక్కడ చేరినా ముందు ఆ వస్తువు వెళ్లే దారిలో మీరూ వెళ్లండి. ఆఫీసులో కూర్చుంటే ప్రతి పెట్టే గట్టిగానే కనిపిస్తుంది.

ఎవరూ అడగని వస్తువు

తర్వాత ఒక ఆహార పదార్థాల కంపెనీలో చేరి, అక్కడే రిటైరయ్యాను. రొట్టెలు, బిస్కెట్లు, కేకులు చేసే కంపెనీ. ఊళ్లో అమ్ముకుంటూ సుఖంగానే ఉండేది. నా ఉద్యోగం చివరి ఏళ్లలో కొత్త ప్లాంట్ మేనేజరు వచ్చారు. పేరు సిన్హా, పట్నా మనిషి. తెలివైనవాడు, తొందర మనిషి. ఏదో పెద్ద నగరంలో ఒక సూపర్ మార్కెట్ ఫ్రిజ్‌లో ఒక వస్తువు చూసి వచ్చారు. వచ్చినప్పటి నుంచీ ఆయనకి అది తప్ప వేరే ధ్యాస లేదు.

ఆ వస్తువు ఇదీ. దాల్చినచెక్క పొడి, పంచదార చల్లి చుట్టలు చుట్టిన మైదాపిండి. కాల్చకుండా పచ్చిదే గొట్టంలాంటి అట్టడబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి అమ్ముతారు. కొన్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లి కాల్చుకుంటారు. కాల్చాక మీద పొయ్యడానికి ఐసింగ్, అంటే పంచదార, వెన్న కలిపిన తెల్లటి ముద్ద, చిన్న ప్లాస్టిక్ కప్పులో ఇస్తారు.

“సార్, మన ఊళ్లో ఎంతమంది ఇళ్లలో ఓవెన్ ఉంది?” అని మీటింగులో అడిగాను. అది అడగకూడని ప్రశ్న అని అందరి మొహాలు చూశాక తెలిసింది.

తీరా చూస్తే జనం కొన్నారు. ఓవెన్ లేనివాళ్లు కుక్కర్‌లో ఉప్పు పోసి, విజిల్ తీసేసి, అందులో గిన్నె పెట్టి కాల్చుకున్నారు. మా ఆవిడ కూడా అలాగే కాల్చింది. అడుగు కొంచెం మాడింది గాని బాగానే ఉన్నాయి. సిన్హా అంచనాయే నిజమైంది. మా బాసుల అంచనాలు చాలాసార్లు నిజమవుతాయి. అవి నిజం కావడానికి కింద ఎవరెవరు పరుగులు పెట్టారో వాళ్లకి తెలియదు, అంతే.

కప్పు బయట ఉన్నప్పుడు

మొదట్లో ఐసింగ్ కప్పుని డబ్బాకి బయట, పైన, టేపుతో అంటించాం. చూడ్డానికి బాగుంది. కొన్నాళ్లకి ఫోన్లు మొదలయ్యాయి. “డబ్బా మీద ఐసింగ్ అని బొమ్మ వేశారు, లోపల ఐసింగ్ లేదు” అని కొన్నవాళ్లు గొడవ.

నేను నది అవతల మాంగో పేటకి వెళ్లాను. బ్రిడ్జి దిగగానే బజారులో గుప్తా అని ఒక దుకాణదారు. మా సరుకు ఎక్కువ అమ్మేది ఆయనే. నేను పక్కన నిలబడి ఉండగానే ఎవరో పాల ప్యాకెట్, బ్రెడ్ కొన్నారు. గుప్తా ఎంతో ప్రేమగా మా డబ్బా మీంచి కప్పు ఒలిచి వాళ్ల పాప చేతిలో పెట్టాడు.

“గుప్తాజీ, అది ఆ డబ్బాతో పాటు ఇచ్చేది” అన్నాను.

“టేపుతో అంటించినదేదైనా ఫ్రీయే కదా భాయ్ సాబ్” అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. సబ్బు మీద చెంచా, టీపొడి మీద గ్లాసు, అలా వచ్చినవన్నీ ఆయన ఒలిచి తనకి ఇష్టమైనవాళ్లకి ఇస్తాడు. ఆ బజారులో అందరూ అంతే. అది దొంగతనమని ఎవరూ అనుకోరు. దుకాణదారుకి ఉన్న చిన్న అధికారం అది.

తిరిగొచ్చి చెప్పాను. సిన్హా విని, “అయితే కప్పు లోపల పెట్టండి” అన్నారు. చెప్పడానికి రెండు క్షణాలు పట్టింది. నాకు ఆ ఏడాదంతా పట్టింది.

కప్పు లోపలికి వెళ్లాక

పిండినీ ఐసింగ్‌నీ ఒకే డబ్బాలో ఎందుకు పెట్టకూడదని అడిగేవాళ్లు దోసెల పిండి నానబెట్టినవాళ్లు అయి ఉండరు. పిండి ఊరుకోదు. డబ్బా మూత బిగించాక దాన్ని కాసేపు వెచ్చని గదిలో ఉంచుతాం. పిండి పొంగి డబ్బా నిండా పరుచుకుంటుంది, లోపలి గాలిని అంచుల్లోంచి బయటికి తోసేస్తుంది. అప్పుడు డబ్బా బిగుస్తుంది. తర్వాత చల్లగా ఉంచితే అలాగే బిగిసి ఉంటుంది. అట్ట అతుకు దగ్గర చెంచాతో నొక్కితే టప్‌మని విచ్చుకుంటుంది. ఆ చప్పుడు పిల్లలకి ఇష్టం. ఆ చప్పుడు దుకాణంలో ఫ్రిజ్‌లోనే వస్తే మాత్రం ఎవరికీ ఇష్టముండదు.

ఇప్పుడు ఆ డబ్బాలోనే, పై మూత కింద, మెత్తని ఐసింగ్ కప్పు పెట్టాలి. పిండి కింద నుంచి తోస్తుంది. పైన ఇనుప మూత కదలదు. మధ్యలో కప్పు. ఆ కప్పు నలగకుండా, దాని మీది పల్చటి పొర చిరగకుండా చూడాలి. మందం మార్చాం, ఆకారం మార్చాం, కప్పు కింద అట్ట బిళ్ల వేశాం. చివరికి నిలబడింది. ట్రయల్‌లో ఒక్క డబ్బా కూడా చెడలేదు. సిన్హా అందరికీ సమోసాలు తెప్పించారు.

సరుకు బజారుకి వెళ్లాక పేలుళ్లు మొదలయ్యాయి.

అన్నీ పేలలేదు. అన్నీ పేలితే అది సుఖం, కారణం దొరికిపోతుంది. అక్కడొకటి, ఇక్కడొకటి. గుప్తా ఫోన్లో ఫొటో పంపాడు: ఫ్రిజ్ అద్దం నిండా పిండి, దాని మీద ఐసింగ్. కింద “మీవాళ్లు ఫ్రిజ్‌లోనే కేకు చేసేశారు” అని రాశాడు.

సిన్హా కారణం వెంటనే కనిపెట్టేశారు. “దుకాణం మూసేటప్పుడు ఫ్రిజ్ ఆపేస్తారు. కరెంటు బిల్లు భయం. తెల్లారి మళ్లీ వేస్తారు. పిండికి వేడి తగిలి పొంగుతోంది.” మన దుకాణాల సంగతి తెలిసినవాళ్లెవరూ ఈ మాట కాదనలేరు. గుప్తాని అడిగితే అతను కూడా కాదనలేదు, “అందరూ ఆపుతారు కదా” అన్నాడు.

కానీ కద్మాలో ఒక పెద్ద దుకాణం ఉంది, వాళ్ల ఫ్రిజ్ ఎప్పుడూ ఆపరు. ఐస్‌క్రీమ్ కూడా అందులోనే ఉంటుంది. అక్కడా పేలాయి. అందుకని నేను పేలిన డబ్బాల అడుగు భాగాలు తెప్పించుకున్నాను. అడుగున ఆ డబ్బాలో పిండి తూచిన బల్ల ముద్ర ఉంటుంది. చాలావాటి మీద ఒకటే ముద్ర. రెండో బల్ల.

కోల్డ్ రూములో రెండో బల్ల డబ్బాలు ఇంకా ఉన్నాయి. తూచి చూశాను. అన్నీ కొంచెం ఎక్కువ తూగాయి. ఏదో ఒకటి ఎక్కువ ఉంటే పొరపాటనుకోవచ్చు, ఇవన్నీ ఒకేలా ఎక్కువ. కాటా తప్పేమోనని చూశాను, సరిగానే ఉంది. మర్నాడు ఒక స్టూలు తీసుకెళ్లి రెండో బల్ల పక్కన వేసుకుని కూర్చున్నాను.

రెండో బల్ల

ఆ బల్ల దగ్గర పిండి తూచేది కొండమ్మ. పర్సుడీహ్ నుంచి ఆటోలో వచ్చేది. వాళ్లదీ మాలాగే శ్రీకాకుళం వైపు కుటుంబం. నాకంటే చిన్నదే, అయినా గౌరవంగా అప్పా అనేవాణ్ని. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. పనిలో గట్టిది, నోరూ గట్టిదే. మధ్యాహ్నం అన్నం తిని మైదా బస్తాల మీద కునుకు తీసేది, ఎవరైనా లేపితే వాళ్ల వంశాన్ని తలుచుకునేది. ఎన్నో ఏళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. ఆ ఏడు కొందరు ఆడవాళ్లని పర్మినెంటు చేస్తామని కంపెనీ చెప్పింది. ఆ వరసలో ముందు కొండమ్మ ఉండాలి.

“ఏటి బాబూ, ఇక్కడ కూకున్నారు? పనేటీ నేదా?” అంది నన్ను చూసి.

“నీ పని చూడ్డమే ఈరోజు నా పని అప్పా.”

“సూడండి. సూత్తే అరిగిపోద్దేటి.”

చూశాను. పిండిచుట్టల కట్ట తీసి కాటా మీద పెట్టేది. ముల్లు గీత దగ్గరికి వచ్చేది. సరిపోయింది. అప్పుడు పక్క గిన్నెలోని తునకల్లోంచి ఉసిరికాయంత ముద్ద తుంచి, కట్ట మీద అద్ది, పక్కకి జరిపేది. ముల్లు గీత దాటి ఆగేది. ఆమె ముల్లు వైపు చూసేది కాదు. తర్వాతి కట్ట తీసేది. మళ్లీ అంతే. ఒక్కటి కూడా వదల్లేదు.

“అప్పా, ముల్లు గీతకి వచ్చేసింది కదా. మళ్లీ ఎందుకు వేశావు?”

“ఏటెయ్యడం?”

“ఆ ముద్ద.”

“అదా. అది కొసరు బాబూ.”

నేను చాలా చోట్ల చాలా రకాల లోపాలు చూశాను. మెషిన్ల లోపాలు, జిగురు లోపాలు, వర్షాకాలంలో అట్ట మెత్తబడిపోవడం. కొసరు అనే లోపం ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

“కొసరు ఎవరికి?”

“కొనుక్కున్నోలికి.”

“వాళ్లు నీకు కనపడరు కదా?”

“కనపడితేనే ఎయ్యాలేటి?” అంది. “మాయమ్మ పర్సుడీ బజార్లో కూరలమ్మీది. కాటా సరిపోనాక రెండు మిరగ్గాయలైనా ఎయ్యకుండా సంచి అందించీది కాదు. తూకానికి తూకం ఇచ్చీసి ఊరుకుంటే అది ఇచ్చినట్టే ఉండదు. నాకూ అదే అలవాటైపోనాది.”

“పాత డబ్బాల్లోనూ వేసేదానివా?”

“ఎయ్యనా మరి?”

పాత డబ్బాలో కప్పు బయట ఉండేది. లోపల చోటుండేది. ఆ ముద్ద ఎంత పొంగినా ఎవరికీ ఇబ్బంది కాలేదు. కప్పు లోపలికి వెళ్లాక ఆ చోటు పోయింది. ట్రయల్‌లో మొదటి బల్ల వాళ్ల పిండే వాడాం, అందుకని తెలియలేదు. నేను నెమ్మదిగా ఇదంతా చెప్పాను. ఆమె చేతిలో ఉన్న పిండిముద్ద వైపు చూసింది.

“ఇంతదానికేటి?”

“ఇంతదానికే.”

“పిండి పొంగుద్దని నాకు తెల్దేటి బాబూ. గిన్నెలో అయితే మూత లేసిపోద్ది. డబ్బా పేలిపోద్దనుకోనేదు.” పిండిముద్ద గిన్నెలో పెట్టేసింది. “సిన్హా సార్‌కి సెప్పీసినారేటి?”

“ఇంకా లేదు.”

“సెప్పీవోలే కదా మీరు.” కొంగుతో చేతులు తుడుచుకుంది. “మా ఇంటాయనకి ఆయాసం, మీకు తెలుసు. ఇన్నాల్లు ఆ దుమ్ములో కాంట్రాక్టు పన్లు సేసి ఇలగైపోనాడు. పర్మినెంటయితే ఆసుపత్రి కార్డు వత్తాది. ఆ కార్డు కోసవే సూత్తన్నాను బాబూ. మరేటీ అక్కర్నేదు.”

స్టూలు తీసుకుని లేచాను.

నామ్ బతావో

సిన్హాకి కారణం చెప్పక తప్పదు. చెప్పాను. తూకం ఎక్కువ పడుతోంది, రెండో బల్ల దగ్గర, కాటా తప్పు కాదు, చెయ్యి అలవాటు అన్నాను.

“ఎవరి చెయ్యి?”

“తప్పు డబ్బాది సార్. ఉసిరికాయంత పిండికి పేలిపోయే డబ్బా చేసింది మనం.”

“డబ్బాని ఉద్యోగంలోంచి తియ్యలేం కదా” అన్నారాయన. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు. “నామ్ బతావో.”

పేరు చెప్పమని. నేను చెప్పలేదు. గోడ మీద క్యాలెండరు చూశాను. ఆయనా అటే చూశారు.

“సరే. అయితే ఈ పేలుళ్లు ఆగేదాకా రెండో బల్లవాళ్లెవరూ పర్మినెంటు కారు. క్రిస్మస్ సరుకు వెళ్లాలి. అది వెళ్లేలోగా పేలుళ్లు ఆగాలి. ఆ తర్వాత పర్మినెంట్ల సంగతి తేలుస్తాను.”

ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయన మీద కూడా ఎవరో ఉన్నారు, పేలిన డబ్బాల ఫొటోలు వాళ్లకీ వెళ్తున్నాయి. ఆయన స్థానంలో ఉంటే నేనూ పేరు అడిగేవాణ్నేమో. కానీ కొత్తవాళ్లకి ఒక్కటి చెప్తాను. లోపం దొరికిన వెంటనే పేరు అడిగే చోట రెండోసారి లోపాలు దొరకవు. అందరూ దాచేస్తారు.

ముందు కొండమ్మని కొసరు మానెయ్యమన్నాను. ఒప్పుకుంది. తునకల గిన్నె తనకి అందకుండా దూరంగా పెట్టించింది. ముల్లు గీతకి వచ్చాక చెయ్యి తనంతట తనే గిన్నె వైపు వెళ్లేది. సగం దారిలో ఆపుకునేది. ఆపుకున్నాక, గీతకి వచ్చిందో లేదో నమ్మకం కుదిరేది కాదు, మళ్లీ తూచేది. బల్ల అవతల మూతలు బిగించే అమ్మాయిలు ఖాళీగా నిలబడి “మౌసీ, జల్దీ కరో నా” అని తొందరపెట్టేవారు. “నోరు ముయ్యండే” అని వాళ్ల మీద విరుచుకుపడేది. రెండో బల్ల పని సగానికి పడిపోయింది. అదీ సిన్హా కంటబడింది.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. తోచినప్పుడు చాలా గర్వపడ్డాను.

“అప్పా, గీత కంటే కొంచెం తక్కువ తూచు. ఆ తక్కువకి సరిగ్గా నీ ముద్ద మీద వెయ్యి. తూకం సరిపోతుంది, నీ చెయ్యీ ఆడుతుంది.”

ఆమె మొత్తం విన్నది. గిన్నెలోని తునకలు కాసేపు అటూ ఇటూ కదిపింది.

“తక్కువ తూసి, ఆ తక్కువే మల్లీ కలిపీసి, దాన్ని కొసరంటారేటి బాబూ? మా బజార్లో అలాటోడి దుకాణానికి ఎవులూ ఎల్లరు.”

“తూకం సరిపోతుంది కదా.”

“సరిపోద్ది. నాను కాదన్నేదు. మీరు సేమంటే సేత్తాను, కార్డు గావాల కదా. కొసరని మాత్రం అనకండి.”

మొదలుపెట్టింది కూడా. ముల్లు గీత కిందే ఆగేది, ఆమె ముద్ద వేసేది, ముల్లు గీతకి వచ్చేది. డబ్బాలు పేలడం ఆగింది. ఆమె నోరు కూడా ఆగింది. అమ్మాయిల్ని తిట్టలేదు, బస్తాల మీద పడుకోలేదు. పని అయిపోగానే చెయ్యి కడుక్కుని వెళ్లిపోయేది. నేను పక్కనుంచి వెళ్తే తల ఎత్తేది కాదు. నాకు చాలా బాధనిపించింది. నేను చేసింది ఇంజినీరింగ్‌లో తప్పు కాదు, లెక్క సరిగ్గానే కుదిరింది. అయినా ఆ బల్ల వైపు వెళ్లాలంటే మనసొప్పేది కాదు.

సగం గాలి

ఆ ఆదివారం మా ఆవిడ మా డబ్బా ఒకటి తెరిచింది. చుట్టలు కుక్కర్‌లో పెట్టి, ఐసింగ్ కప్పు చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

“ఏటిది, సగం గాలే అమ్ముతున్నారా?”

“కప్పులో ఒక గీత ఉంది, ఆ గీత వరకే నింపుతాం. పైన ఖాళీ ఉంచుతాం.”

“ఎందుకు?”

ఎందుకంటే, ఖర్చు కలిసొస్తుందని సిన్హా ఐసింగ్ తగ్గించమన్నారు కాబట్టి. అంతకుమించి కారణమేమీ లేదు. కప్పు పరిమాణం మాత్రం పాతదే, పెద్దదే. గీత కిందికి జరిపాం.

కప్పు చేతిలోకి తీసుకుని నొక్కి చూశాను. మీది పొర లోపలికి కుంగింది. గాలి నొక్కుకుపోతుంది, అందుకే పొర కుంగుతుంది, కుంగిన చోటే చిరుగుతుంది. పొర చిరిగి కప్పు నలిగితే పిండి తోపంతా డబ్బా అతుకు మీద పడుతుంది. కప్పు నిండుగా ఉంటే కుంగడానికి చోటుండదు. చిన్నపిల్లలకి కూడా తెలిసే సంగతి. మేమంతా కప్పు మందం గురించి ఇన్నాళ్లు కొట్టుకున్నాం గాని, లోపల ఎంత గాలి ఉందో ఎవరూ అడగలేదు.

సోమవారం గీత దాటించి నింపిన కప్పులతో డబ్బాలు చేయించాను. అవి గట్టిగా నిలబడ్డాయి. కావాలని పిండి కొంచెం ఎక్కువ వేసి చూశాను, అప్పుడు కూడా చాలా వరకు నిలబడ్డాయి. కానీ ఒక చిక్కుంది. కప్పు నిండుగా నింపితే ఐసింగ్ అంచుకి అంటుతుంది. అంచుకి అంటితే పొర సరిగా అతుక్కోదు. మెషిన్ నింపితే నాలుగింట ఒకటి అంటుతోంది. చేత్తో, ఓపిగ్గా, అంచుకి తగలకుండా నింపాలి.

సిన్హా దగ్గరికి వెళ్లి చెప్పాను.

“ఐసింగ్ ఎక్కువ పోతుంది” అన్నారు.

“పేలిన డబ్బాలంత పోదు సార్. గీత కొంచెం పైకి జరుపుతాను. కప్పులు చేత్తో నింపాలి. దానికి మనిషిని నేనే చూసుకుంటాను.”

ఆయనకి క్రిస్మస్ తొందర. సరే అన్నారు.

నేను తిన్నగా రెండో బల్ల దగ్గరికి వెళ్లాను. “అప్పా, రేపటి నుంచి ఐసింగ్ బల్ల దగ్గరికి రా.”

ఆమె చేతిలో కట్ట కాటా మీద పెట్టేసింది. “నన్ను తీసేత్తన్నారేటి బాబూ?”

“తీసెయ్యడం కాదు. అక్కడ కప్పులు నింపాలి.”

“గీత వరకేనా?”

“కనీసం గీత వరకు.”

“కనీసం అంటే?”

“గీత తర్వాత కూడా ఇంకాస్త పడుతుంది. అంచుకి మాత్రం తగలకూడదు. ఆ ఇంకాస్త నిండుగా ఉంటే డబ్బాకి మంచిదే.”

ఆమె నా మొహంలోకి చూసింది. ఇది కూడా నా ఉపాయాల్లో ఒకటేమోనని అనుమానం.

“తక్కువ తూసి కలిపీదేటీ నేదు కదా?”

“లేదు. గీత వరకు కంపెనీది. ఆ పైది నీది.”

“పిండి పొంగినట్టు అది పొంగదా?”

“ఐసింగ్ పొంగదు అప్పా.”

మర్నాడు ఐసింగ్ బల్ల దగ్గర కూర్చుంది. మొదటి కప్పు గీత వరకు నింపింది. చెంచా కొనతో ఇంకాస్త తీసి, మధ్యలో వదిలి, చెంచా అంచుకి తగలకుండా పైకి లేపింది. నేను అవతలికి వెళ్లిపోయాను. మధ్యాహ్నం అటు వెళ్తే మూతలమ్మాయిలు ఎవరో తిట్లు తింటున్నారు. నాకు ప్రాణం కుదుటపడింది.

క్రిస్మస్ తర్వాత

క్రిస్మస్ సరుకు వెళ్లింది. ఊళ్లో మన తెలుగు క్రైస్తవుల ఇళ్లకీ చాలా డబ్బాలు వెళ్లాయి. ఆ వారం నేను ఫోన్ మోగినప్పుడల్లా గుప్తా ఫొటో అనుకునేవాణ్ని. ఒక ఫొటో వచ్చింది కూడా. తెరిచి చూస్తే గుప్తా మనవరాలు, మొహం నిండా ఐసింగ్. కింద ఏమీ రాయలేదు.

పర్మినెంట్ల సంగతి తేల్చాల్సిన రోజు సిన్హా నన్ను పిలిచారు. వెళ్లేసరికి ఆయన బల్ల మీద మా డబ్బా ఒకటి ఉంది, ఖాళీది, పక్కన నాకేసినంత శుభ్రంగా ఐసింగ్ కప్పు. ఏదో చెడిందనుకున్నాను.

“మా ఇంట్లో అంటున్నారు, ఐసింగ్ ఎక్కువుంటోందట.”

“ఉంటోంది సార్.”

“గీత దాటి.”

“గీత దాటి, అంచు కిందివరకు. అంచుకి తగలదు. ఆ నిండుతనానికే డబ్బా నిలబడుతోంది.”

“అది నాకు తెలుసు, నువ్వు చెప్పావు” అన్నారు. కప్పు తిప్పి చూశారు. “మా ఆవిడ అంటోంది, ఇన్నాళ్లకి కంపెనీ వాళ్లు మనసుపెట్టి ఇస్తున్నట్టుంది అని. ఇది మార్చొద్దని మరీ మరీ చెప్పింది. ఎవరు నింపుతున్నారు?”

నేను ఆలోచించాను. అబద్ధం చెప్పాల్సిన అవసరమేమీ కనబడలేదు.

“రెండో బల్ల మనిషి సార్.”

ఆయన కప్పు కింద పెట్టారు. తొందర మనిషే గాని తెలివైనవాడని ముందే రాశాను.

“ఆ చెయ్యేనా?”

“ఆ చెయ్యే సార్.”

ఆయన కిటికీ వైపు చూశారు. కిటికీలోంచి లోడింగ్ బే, ఆటోల వరస తప్ప ఏమీ కనబడదు. తర్వాత పర్మినెంట్ల లిస్టు దగ్గరికి లాక్కుని, పెన్ను తీసి మూత విప్పారు.

“నామ్ బతావో.”

చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పి, ఆయన సరిగ్గా రాశారో లేదో బల్ల మీదికి వంగి చూసి మరీ బయటికి వచ్చాను.